దామెర్లవారి చిత్తు పుస్తకములు

"రాజమహేంద్రవరపు చిత్రశాలలోని పెన్సిలు గీతలతో తంబళ్లపల్లె వారికేమి పని?" అని విజ్ఞుడగు నొక మిత్రుడు నన్నడిగినాడు. మల్లయ్యకొండ క్రింది మన సీమ మెట్టసీమ. వాన కురిసిన వేరుసెనగ, కురియకున్న వలస. టమాట ధర పడిపోయిననాడు మదనపల్లె మండీ ముందు బుట్టలు బోర్లించి పోవు రైతును నిలిపి చిత్రకళను గూర్చి ప్రసంగించుట ఆకలిగొన్నవానికి అత్తరు పూయుటవంటిదని యాతని యాక్షేపణ. ఇది క్రొత్త యాక్షేపణ కాదు. విద్యావంతుల గృహములందు సైతము, సంస్కారాభిమానులమని చెప్పుకొను మనలో సైతము, ఇది లోలోపల నిలిచియే యున్నది. పైకి మాత్రము చిత్రకళ జాతికి భూషణమని సభలలో పలుకుచుందుము. భూషణమను నామాటయే యీ యనర్థమునకు మూలము. భూషణము లేకున్నను బ్రదుకవచ్చును గదా! నేను వ్రాయబూనినది అక్షరమువంటి యొక విద్యను గూర్చి, ఆ విద్యకై మన భాషవారు కూడబెట్టుకొన్న మూలధనమును గూర్చి, దానిని చిత్తు కాగితముల క్రింద జమకట్టి మనము చేయుచున్న యపచారమును గూర్చి.

ముందుగా విషయము చెప్పవలయును. దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. అచ్చటి ఆర్ట్సు కళాశాలకు అధ్యక్షుడుగ నుండిన ఆస్వాల్డు కూల్డ్రే యను నాంగ్లేయుడు తానును చిత్రకారుడు. ఈ బాలుని చేతివాటమును కనిపెట్టి బొంబాయికి పోయి చదువుకొనుటకు ప్రోత్సహించినవాడు ఆయనయే. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము మున్నగువారును ఆ గురువు నీడన పెరిగినవారే. రామారావు 1916లో బొంబాయి సర్ జె.జె. కళాపాఠశాలలో చేరి, చదువు ముగించి స్వస్థలమునకు తిరిగివచ్చి, 1922 ప్రాంతమున మిత్రులతో గూడి చిత్రకళా పరిషత్తును, దానికి అనుబంధముగ నొక చిత్రకళా పాఠశాలను నెలకొల్పెను. "సిద్ధార్థ రాగోదయము", "పుష్పాలంకరణము" మున్నగు చిత్రములచే దేశమంతట పేరు వడసెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి సోకి మరణించెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

ఆయన విడిచిపోయినవి 34 తైలవర్ణ చిత్రములు, 129 నీటిరంగుల చిత్రములు, 250 పెన్సిలు చిత్రములు, 28 చిత్తు పుస్తకములు. ఏండ్లకన్న పుస్తకములే యెక్కువ! భార్య సత్యవాణియు, మిత్రుడు వరదా వెంకటరత్నమును, మఱికొందఱు సహాధ్యాయులును వీనిని చెదరనీయక కాపాడిరి. వెంకటరత్నము ఆ పాఠశాలకే తన జీవితమును ధారవోసెను. పిదప చిత్రశాలయు పాఠశాలయు ప్రభుత్వపరమైనవి. దామెర్ల గతించి 2025 నాటికి నూరేండ్లు నిండినవి.

ఈ లెక్కను చెప్పునప్పుడు మనవారు మొదటి రెండంకెలను గొంతెత్తి చెప్పుదురు. కడపటి రెండింటిని "మఱియు కొన్ని స్కెచ్చులు" అని ఒక్క ఊపిరిలో ముగింతురు. నా తగవంతయు ఇచ్చటనే. చిత్రశాలకు పోయినవాడు గోడలను చూచును. చట్రములలో నున్న సుందరులను, దేవతలను చూచును. బాగున్నవని పలికి వెలికి వచ్చును. జయంతినాడు పెద్దలు వచ్చి పటమునకు పూలదండ వేసి, రెండు మాటలు చెప్పి పోవుదురు. కాని పాఠశాలకు దామెర్ల యిచ్చిన దానములో గొప్ప పాలు గోడలమీద లేదు. అది ఆ 28 పుస్తకముల యందును, ఆ 250 కాగితముల యందును ఉన్నది.

పూర్తియైన తైలచిత్రము వండి వడ్డించిన విందు. భోక్త తృప్తుడగును, వంట మాత్రము నేర్వడు. చిత్తు పుస్తకము వంటయిల్లు. చిత్రకారుడు మొదట ఎచ్చట చూపు నిలిపెను, మోచేతి వంపును ఒక గీతతో పట్టలేక రెండవ గీతను దాని ప్రక్కననే యెట్లు వేసెను, చీర కుచ్చెళ్లలో వేనిని విడిచి వేనిని మిగిల్చెను, నీడను పులుముటకు ముందు లోపలి యెముక నెట్లు ఊహించెను — ఈ సంగతులన్నియు పెన్సిలు గీతలోనే తెలియును. రంగు పడినపిదప అవి మఱుగుపడును. నేర్వవచ్చిన బాలునకు గురువు తప్పులే గొప్ప పాఠము. ఒప్పులను చూచి వాడు దండము పెట్టును. తప్పులను చూచి ధైర్యము తెచ్చుకొనును.

రామారావు చదివిన నాటి బొంబాయి పాఠశాల యెట్టిదో తలచుకొన్న నీ మాట యింకను స్పష్టమగును. మన దేశమున ఆంగ్లేయులు నెలకొల్పిన కళాపాఠశాలలు లండనులోని దక్షిణ కెన్సింగ్టను పద్ధతిని అనుసరించినవి. గ్రీకు విగ్రహముల సున్నపు పోతలను, ఐరోపానుండి తెచ్చిన అచ్చుపటములను ఎదుట నుంచుకొని విద్యార్థులు నెలల తరబడి నకళ్లు తీయుచుండెడివారు. 1919లో అధ్యక్షుడైన గ్లాడ్‌స్టను సాలొమను సజీవ మానవదేహమును చూచి గీయు తరగతిని బలపఱచెను. ఇట్టి కఠినశిక్షణ పొందిన చేయి గోదావరి తీరమునకు తిరిగివచ్చి తెలుగువారి నిలుకడను, నడకను, కూర్చుండు తీరును పట్టుకొన్నది. విదేశపు వ్యాకరణముతో మన మాట పలికిన యా పరిణామము ఏ రోజున, ఏ పుటలో, ఏ గీతతో కలిగినదో తెలియజెప్పగల సాక్షి ఆ పుస్తకములు దక్క వేఱొకటి కలదా? మన చిత్రకళాచరిత్ర వ్రాయువారు తఱచుగ బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ బోధించిన వంగీయ పద్ధతిని, రాజమహేంద్రవరపు పద్ధతిని ఎదురెదురుగ నిలిపి వాదములాడుదురు. ఆ వాదమును తీర్చుటకు పూర్తియైన చిత్రములు చాలవు. గీతను గీతతో పోల్చవలయును.

"చిత్తుగీతలను దాచుకొనుట కళాభిమానుల వెఱ్ఱి, లోకమున కేమి లాభము?" అనువారికి అమరావతిని చూపుదును. కర్నలు కాలిన్ మెకంజీ 1816లో అమరావతికి మఱల వచ్చి తన క్రింది చిత్రలేఖకులచే స్తూపపు శిలలమీది శిల్పములను కొలతలతో గీయించెను. ఆ మెకంజీ పరిశోధనకు ప్రాణము పోసినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను మన తెలుగువారని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ శిలలలో ననేకములు పిదప నశించినవి. పాలఱాయి కాల్చిన సున్నమగును గదా; బుద్ధుని జీవితము చెక్కిన పలకలు బట్టీలకు పోయినవి. నేడా శిల్పముల రూపము లోకమునకు తెలియుచున్నదన్న, అది ఆ కాగితముల చలువ. ఱాయి పోయినది, కాగితము నిలిచినది! ఆ పటములు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగ నున్నవి. ఇది మనకు గర్వకారణమో సిగ్గుచేటో చదువరులే నిర్ణయించుకొందురు గాక.

అజంతా కథ దీనికి తోబుట్టువు. మదరాసు సైన్యమునకు చెందిన రాబర్టు గిల్ 1844 మొదలుకొని యేండ్ల తరబడి గుహలలో కూర్చుండి గోడచిత్రములకు నకళ్లు తీసెను. వానిలో చాలభాగము 1866లో లండను స్ఫటికసౌధపు అగ్నిప్రమాదమున దగ్ధమైనవి. 1872 నుండి 1885 వఱకు బొంబాయి కళాపాఠశాల అధ్యక్షుడు జాన్ గ్రిఫిత్సు తన విద్యార్థులను వెంటబెట్టుకొనిపోయి ఆ పనిని మఱల చేయించెను. 1885లో దక్షిణ కెన్సింగ్టను మ్యూజియమున నిప్పంటుకొని వానిలోను అనేకము కాలిపోయినవి. మిగిలినవానిని ఆధారము చేసికొని గ్రిఫిత్సు తన గ్రంథమును 1896-97లో వెలువరించెను. ఈ నడుమ గుహలలోని మూలచిత్రములు పెచ్చులూడినవి, మసకబాఱినవి. నేడు పరిశోధకులు కొన్ని తావులందు మూలమునకన్న ఆ విద్యార్థుల నకళ్లనే నమ్ముకొనవలసియున్నది. గమనింపుడు: అవి మహాచిత్రకారుల సృష్టులు కావు, పాఠశాల పిల్లల అభ్యాసములు. రెండుమాఱులు అగ్ని కాహుతియైనను మిగిలిన నాలుగింటికై విద్వాంసులు సముద్రములు దాటి పోవుచున్నారు. మన పాఠశాలలందు విద్యార్థుల అభ్యాసచిత్రములు సంవత్సరాంతమున చిత్తు కాగితముల బండికి తూకమున పోవుచున్నవి.

కళాపాఠశాల యొక్క సంగ్రహమును అంగడి సరకుగ నెంచుట దొరలును చేసినారు. ఈ. బి. హావెల్ 1884లో మదరాసు కళాపాఠశాలకు అధికారిగ వచ్చినవాడు. 1896లో కలకత్తా కళాపాఠశాలకు అధ్యక్షుడైనాడు. ఆ పాఠశాలకు చేర్చి 1876లో తెఱచిన చిత్రశాలలో ఐరోపా చిత్రములును నకళ్లును నిండియుండెను. భారతీయ విద్యార్థికి భారతీయ కళయే గురువు కావలయునని హావెల్ వాదించి, 1905 ప్రాంతమున ఆ ఐరోపా చిత్రములను అమ్మివేసి మొగలాయి చిత్రములను, ఇతర దేశీయ కళాఖండములను సమకూర్చెను. వంగదేశమున గొప్ప అలజడి పుట్టినది. హావెల్ ఉద్దేశము మంచిదే. ఆయనవలన అవనీంద్రనాథ ఠాగూరు వంటివారికి త్రోవ యేర్పడినమాట నిజమే. అయినను నా యభిప్రాయమున నాయన పద్ధతి తప్పు. క్రొత్త గురువును పిలుచుటకు పాత గురువును వీధిలోనికి నెట్టనక్కఱలేదు. విద్యార్థి యొక కాలమున వేనిని చూచి నేర్చెనో ఆ పటములే ఆ విద్యకు చరిత్ర. అవి చెడ్డవే యగుగాక, వానిని చూడకున్న వానినుండి విడివడిన మంచి యెట్టిదో తెలియదు. కలకత్తాలో సంగ్రహము అభిప్రాయభేదముచే పోయినది. మనయొద్ద అభిప్రాయమే లేమిచే పోవుచున్నది. రెండింటిలో మొదటిదే మేలు.

ఇక మన సీమ సంగతికి వచ్చెదను. తంబళ్లపల్లెకు కళాపాఠశాలలతో బంధము లేదనుట చరిత్ర తెలియని మాట. మన మదనపల్లె తాలూకా 1911లో కడప జిల్లానుండి విడివడి క్రొత్తగ నేర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. 1953 వఱకు మనకు రాజధాని మదరాసే. ఆ మదరాసులో శస్త్రవైద్యుడగు అలెగ్జాండరు హంటరు 1850లో తన సొంత వ్యయముతో నారంభించి, 1855లో ప్రభుత్వము చేపట్టిన కళాపాఠశాలయే మన జిల్లా బాలురకును కళాపాఠశాల. 1929లో దేవీప్రసాద రాయచౌధురి దానికి మొదటి భారతీయాధ్యక్షుడైనాడు. మన ఉన్నతపాఠశాలలలో డ్రాయింగు మేష్టరను నుద్యోగము, నేటికిని జరుగుచున్న లోయరు, హయ్యరు డ్రాయింగు పరీక్షలు ఆ కాలపు వారసత్వమే.

మదనపల్లె మాటయో! అనీబిసెంటమ్మ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో బోధించి అధ్యక్షత వహించిన ఐర్లండు కవి జేమ్సు కజిన్సు సామాన్యుడా? 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఆయన యతిథియై యచ్చట నుండి జనగణమన గీతమును ఇంగ్లీషున అనువదించిన సంగతి మన పిల్లలకు సైతము కంఠస్థము. పిల్లలకు తెలియనిది వేఱొకటి కలదు. ఈ కజిన్సే 1924లో మైసూరు జగన్మోహన సౌధమున చిత్రశాలను తీర్చుటకు, 1935లో తిరువనంతపురమున శ్రీచిత్రాలయమును నెలకొల్పుటకు ముఖ్యకారకుడు. రెండు సంస్థానములకు చిత్రశాలలను సమకూర్చిన యా బుద్ధి మన మదనపల్లెలో పాఠములు చెప్పినదే. అచ్చట మహారాజులు వినిరి. ఇచ్చట మనము గీతమును జ్ఞప్తియందుంచుకొని చిత్రమును మఱచితిమి.

ఇంకను దగ్గఱకు వచ్చెదను. పాత చిత్తూరు జిల్లాలోనిదే గదా శ్రీకాళహస్తి! అచ్చటి కలంకారీ పనివాడు చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో బట్టమీద మొదట రూపమును గీయును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో నూరబెట్టి చేసిన నల్లని కసిమిని వెదురు కలమున నింపి ఆ గీతను స్థిరపఱచును. బొగ్గు దులిపిన పోవును, కసిమి నిలుచును. రంగులన్నియు దాని తరువాతివే. ఆ మొదటి బొగ్గుగీతలోనే యున్నది పనితనమంతయు. మన పడమటనున్న లేపాక్షిలో వీరభద్రాలయపు కప్పుమీది విజయనగరకాలపు చిత్రములను తల యెత్తి చూడుడు. నీడలతో ఉబ్బెత్తు తెప్పింపలేదు. చుట్టుగీతయే ముక్కును, కన్నును, చీర అంచును నిర్ణయించుచున్నది. మన కళ గీతలో పుట్టినది. గీతను చిత్తు అనువాడు తన పుట్టుకను చిత్తు అనుచున్నాడు.

ఈ గీత ధనికుల సొత్తును కాదు. ప్రతి వాకిటను తెల్లవాఱుజామున చుక్కలు పెట్టి, లెక్క తప్పక, చేయి ఎత్తక ముగ్గు వేయు స్త్రీ రేఖావిద్యలో ఆఱితేఱినదే. సంక్రాంతికి ముందు ఆడపిల్లలు నోటుపుస్తకములలో ముగ్గులు గీసికొందురు; పెండ్లియై పోయినపిదప ఆ పుస్తకము పాతపుస్తకముల వానికి పోవును. తల్లికి అది చిత్తే, తండ్రికి అది చిత్తే. దామెర్లవారి యింట నిట్లు జరుగలేదు. భార్య సత్యవాణియు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టి చిత్రకారిణులైరి. నూరేండ్ల క్రిందట, ఆడుపిల్లకు అక్షరమే అక్కఱలేదను దినములలో! స్త్రీవిద్యను గూర్చి వ్యాసములు చదివి తలయూపు మన గృహములందు నేడు ఎంతమంది ఆడుపిల్లల గీతలకు ఒక పెట్టె, ఒక అట్ట, ఒక తేదీ దక్కినవో ఎవరి యింటిని వారు చూచుకొందురు గాక.

పాఠశాలల సంగతి చెప్పుటకే కష్టముగ నున్నది. కాలపట్టికలో డ్రాయింగు అను మాట కలదు. ఆ గంటలో లెక్కలు జరుగును. మేష్టరు పదవి ఖాళీయైన నింపువారు లేరు. నింపిన, నల్లబల్లమీద మామిడికాయను, జెండాను, తామరపూవును గీసి "దీనిని చూచి వేయుడు" అనుటతో సరి. ఆ మేష్టరు నేమనగలము? ఆయన చేతికి మన మెవ్వరైన ఒక్క తెలుగు చిత్రకారుని గీతను అందించితిమా? సంగీతము నేర్పువానికి కీర్తనల పుస్తకము కలదు. వ్యాకరణము నేర్పువానికి చిన్నయసూరి కలడు. చిత్రము నేర్పువానికి బజారులో దొరకు రంగుల పుస్తకము తప్ప దిక్కులేదు. తెలుగుదేశమున నొక కళాపాఠశాల స్థాపకుడు నేర్చుకొనుచు గీసిన 28 పుస్తకములు ఒకచోట నుండగా నీ దారిద్ర్యమేల?

ఇందులకు ప్రతివాదులు మూడు మాటలు చెప్పుదురు. బయటికి తీసిన కాగితము పాడగునని యొకటి. ఇది సత్యమే, సత్యమగుటచేతనే దీనిని సాకుగ చేసికొనుట యన్యాయము. పెన్సిలు సీసము కేవలము బొగ్గుజాతిది, వెలుతురునకు వెలవెలబోదు. కాని దానిని మోయు కాగితము పాడగును. గుడ్డపేలికలతో చేసిన పాత కాగితము శతాబ్దములు నిలుచును. కఱ్ఱగుజ్జుతో చేసిన చౌక కాగితములో పుట్టుకతోనే ఆమ్లము ఉండును. అది పచ్చబడి, పెళుసెక్కి, ముట్టుకొన్న విఱుగును. గోదావరి గాలిలోని చెమ్మ బూజును పిలుచును. అతికించు జిగురుబిళ్ల మచ్చ వదలదు. నీటిరంగుల చిత్రములను, కాగితపు పటములను 50 లక్సులకు మించని మందపు వెలుతురున, అదియు కొన్ని నెలలు మాత్రమే చూపి, పిదప చీకటిలో విశ్రాంతి నీయవలయునని లోకములోని చిత్రశాలలన్నియు నియమము పెట్టుకొన్నవి. చిత్తు పుస్తకమును అద్దపు పెట్టెలో తెఱచి యేండ్ల తరబడి ఒకే పుటను ఎండబెట్టుట దానికి చేయు సన్మానము కాదు. చట్రము కట్టించుటకై పుటలను చింపుట యంతకన్న దారుణము. పుటల వరుసయే ఆ పుస్తకపు అర్థము. అది చిత్రకారుని దినచర్య. ఆమ్లము లేని అట్టపెట్టెలు, మెత్తని ఆచ్ఛాదనపు కాగితములు, చెమ్మను కొలుచు చిన్న యంత్రము — వీని వెల యొక సభకు వేయు పందిరి వెలకు మించదు. చిత్రములు పాడగుచున్నవని పత్రికలలో పలుమాఱులు వార్తలు వెలువడినవి; వార్త వెలువడిన వారము దినములు కదలిక కనబడును, పిదప మఱల నిద్ర.

రెండవ మాట: దూరము. రాజమహేంద్రవరమెక్కడ, తంబళ్లపల్లె యెక్కడ? ఈ దూరమును 1894లోనే ఒకరు జయించినారు. రవివర్మ బొంబాయిలో శిలాముద్రణాలయమును పెట్టి లక్ష్మీసరస్వతులను రంగులలో అచ్చొత్తించెను. అవి రైలెక్కి, బండెక్కి, గంపలకెక్కి పల్లెలలోని పూజామందిరములలో నిలిచినవి. ఆ ముద్రణమువలన కళ చౌకబాఱినదని నిందించిన పండితులు కలరు. పటము లేని గోడకు పటము వచ్చినదని నేను సంతసింతును. అయితే పల్లె కందినది పూర్తియైన దేవత. దేవతను గీయు విధము అందలేదు. అచ్చుచే దేవత రాగా లేనిది అచ్చుచే గీత రాలేదా? నేడు స్కానింగు యంత్రమున ప్రతి పుటను ఉన్న పరిమాణమున, కాగితపు మరకతో సహా పట్టవచ్చును. అంతర్జాలమున నుంచిన ఖర్చే లేదు. అయినను నా కోరిక కాగితమే. పిల్లవాడు బల్లమీద పఱచుకొని, ప్రక్కన తన కాగితముంచి, గీతకు గీత వేయవలయును. చేతి ఫోనులో వ్రేలితో ఱువ్విన చిత్రము కంటికి నిలువదు.

మూడవ మాటయే నా మిత్రుడు చెప్పినది: ముందు అన్నము. అన్నముకన్న ముందు గీత కావలయునని నేనును చెప్పను. కాని అన్నము సంపాదించు పనులలో గీత యక్కఱలేని దెద్దియో ఆయన చూపవలయును. వడ్రంగి మంచపుకోడును చెక్కుటకు ముందు నేలమీద సుద్దతో గీయును. మేస్త్రీ ముగ్గుపోసి పునాది నిలుపును. కమ్మరి, దర్జీ, సర్వేయరు, ఇంజనీరు — వీరిలో గీత రానివాడు పరాధీనుడు. హంటరు మదరాసులో పాఠశాల పెట్టినది ధనికుల కాలక్షేపమునకు కాదు. పనివాండ్రకు నైపుణ్యము కలిగించుటకు. చెట్టును, ఎద్దును, మనుష్యుని చూచి ఉన్నది ఉన్నట్లు గీయ నేర్చిన బాలుడు చూచుట నేర్చును. చూచుట నేర్చినవానిని మోసపుచ్చుట కష్టము. కఱవుసీమ బాలున కీ విద్య విలాసమని చెప్పువారి పిల్లలు పట్టణములలో రుసుములు చెల్లించి డిజైను చదువులు చదువుచుండుట నేనెఱుగుదును.

కావున రాజమహేంద్రవరపు చిత్రశాలను నడపు ప్రభుత్వశాఖవారిని అడుగవలసినది స్వల్పమే. 250 పెన్సిలు చిత్రములకును, 28 పుస్తకములలోని ప్రతి పుటకును సంఖ్య, కొలత, విషయము, నేటి స్థితి వ్రాసిన పట్టిక యున్నచో దానిని అచ్చువేసి అమ్మవలయును. లేనిచో ఆ పనిని వెంటనే మొదలిడవలయును. పట్టిక లేని సంగ్రహమునుండి పోయినది పోయినట్లును తెలియదు. పుటల ప్రతిరూపములలో నలువదింటిని ఎంచి, విడివిడి కాగితములుగ ఒక అట్టలో పెట్టి, ప్రతి ఉన్నతపాఠశాలకు ఒక కట్ట పంపవలయును. వెంట నొక పుట వివరణ చాలును, ఉపన్యాసము అక్కఱలేదు. సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ, వరదా వెంకటరత్నము గార్ల గీతలును అందు చేర్చవలయును. పాఠశాలలో నేడు చదువు విద్యార్థుల అభ్యాసములలో ఏటికి పదింటిని పేరు, తేదీ వేసి దాచు నియమము ఈ సంవత్సరమే పెట్టవలయును.

మన వంతు పనియు కలదు. మన జిల్లాలోని డ్రాయింగు మేష్టర్లును, తల్లిదండ్రులును, గ్రంథాలయ సంఘములును వేర్వేఱుగ ఉత్తరములు వ్రాసి పట్టిక యెప్పుడు వెలువడునో తేదీతో సహా తెలుపుడని అడుగవలయును. తంబళ్లపల్లెనుండి పోవు మొదటి యుత్తరము నాది. తపాలా ముద్ర పడినది. నా మిత్రుడు తన సంతకమును చేర్చుటకు అంగీకరింపలేదు. ఆయన మనుమరాలు మాత్రము, తొమ్మిదవ తరగతి చదువుచున్నది, ఆ నలువది కాగితములలో ఎద్దుల బొమ్మ యుండునాయని అడిగినది.